రెండు సర్వర్లున్నాయి కదా అని బ్యాకప్ మానకండి

మా తెలుగు సంఘానికి ఫైళ్లు దాచుకునే సర్వర్లు రెండున్నాయి. రెండూ ఒకే మోడల్ నాస్ పెట్టెలు. అంటే ఇంటర్నెట్ రౌటర్‌కు తగిలించుకుని అందరూ వాడుకునే హార్డ్ డిస్కుల పెట్టెలు. దాతలిచ్చిన డబ్బుతో కొని, రెండింటినీ క్లస్టర్‌గా కలిపారు. ఒకటి ఆగిపోతే రెండోది వెంటనే పని అందుకుంటుంది. బాలబడి పాఠాలు, చందాల లెక్కలు, ఇరవై ఏళ్ల పండగ ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. "రెండు పెట్టెలున్నాయి, ఇంక బ్యాకప్ ఎందుకు?" అని అందరం అనుకున్నాం.

ఒక శనివారం నేను ఫోల్డర్లు సర్దుతూ, పాత కాపీ అనుకుని ఒకదాన్ని తీసేశాను. దాని పేరు 'పెద్దల మాటలు'. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు తమ ఊరు, పెళ్లి, పంటల గురించి చెప్పుకున్న 140 రికార్డింగులు అందులో ఉన్నాయి. మూడు వారాల తర్వాత ఒక అక్క ఫోన్ చేసి, వాళ్లమ్మ సంవత్సరికానికి ఆవిడ గొంతు వినిపించాలని ఉంది, ఆ ఫైలు పంపమని అడిగింది. అప్పుడు గానీ మాకు తెలియలేదు. రెండో పెట్టెలో చూస్తే అక్కడా లేదు. నేను ఇక్కడ తీసేసిన క్షణంలోనే అక్కడా పోయింది. ఆ ఫోల్డర్‌కు రీసైకిల్ బిన్ పెట్టలేదు. స్నాప్‌షాట్లూ లేవు.

రికార్డింగులు చేసిన వలంటీర్ దగ్గరున్న ఒక పాత డిస్కులో 93 దొరికాయి. మిగిలిన 47 దొరకలేదు. ఆ అక్క వాళ్లమ్మగారిది ఆ 47లోనే ఉంది. "తీసేసింది నేనేనక్కా" అని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నేను ఐటీ ఉద్యోగిని కాను. బీఎస్సీ చదివి ఇల్లు చూసుకుంటున్నాను, సంఘంలో బాలబడి పని చేస్తాను. ఆ తర్వాత కొన్ని నెలలు ఈ విషయమే చదివి, తెలిసినవాళ్లను అడిగి, మా సంఘానికి ఒక పద్ధతి ఏర్పాటు చేశాం. అమెరికాలో చాలా సంఘాలు, గుళ్లు, చిన్న ఆఫీసులు ఇలాంటి జంట పెట్టెలే వాడుతున్నాయి. వాళ్లకు పనికొస్తుందని ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

క్లస్టర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

క్లస్టర్ అంటే రెండు లేదా అంతకన్నా ఎక్కువ సర్వర్లు కలిసి బయటికి ఒకే సర్వర్‌లా కనిపించడం. చిన్న జంట పెట్టెల్లో ఒకటి పని చేస్తుంటే రెండోది ప్రతి మార్పునూ అప్పటికప్పుడు రాసుకుంటూ సిద్ధంగా ఉంటుంది. పెద్ద ఆఫీసుల్లో ఐసిలాన్, సెఫ్, గ్లస్టర్ లాంటివి వాడతారు. వాటిలో డేటా అనేక సర్వర్ల మీద పరుచుకుని ఉంటుంది.

దీనివల్ల లాభం ఒక్కటే, పని ఆగదు. మదర్‌బోర్డు కాలినా, కరెంటు యూనిట్ చెడినా, డిస్కు పోయినా ఫైళ్లు తెరుచుకుంటూనే ఉంటాయి. కానీ తప్పును ఒప్పు నుంచి వేరుచేసి చూడటం దానికి తెలియదు. పొరపాటున తీసేసినా, పాత ఫైలు మీద కొత్తది రాసేసినా, వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసినా, ఆ మార్పును రెండో పెట్టెలో కూడా అంతే శ్రద్ధగా రాస్తుంది. డిస్కుల మధ్య రెయిడ్ చేసేది కూడా ఇదే పని. రెండు పెట్టెల మధ్య కేబుల్ తెగితే ఇంకో ఇబ్బంది ఉంది. రెండూ తామే పెద్ద అనుకుని వేర్వేరుగా రాసుకోవచ్చు. అప్పుడు ఏది అసలో తేల్చడం కష్టం.

రెండూ ఒకే గదిలో ఉంటే మంటకూ నీటికీ రెండూ ఒకటే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు చెలరేగాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ కాలిపోయింది. 858 టీబీ డేటా పోయింది. అంత పెద్ద నిల్వకు వేరేచోట బ్యాకప్ పెట్టలేదు. ఒక ప్రభుత్వానికే అలా జరిగిందంటే మన బోటి సంఘాల సంగతి చెప్పేదేముంది.

కొనే ముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

ఏ డిస్కు కొనాలి, ఏ క్లౌడ్ తీసుకోవాలి అని మొదలుపెడితే తెగదు. ముందు కాగితం మీద ఈ మూడూ రాసుకోవాలి.

ఒకటి: ఎంత డేటా ఉంది, అందులో మళ్లీ దొరకనిది ఎంత? మా లెక్క ఇలా వచ్చింది. లెక్కలు, పత్రాలు 40 జీబీ. బాలబడి పాఠాలు, పెద్దల రికార్డింగులు 300 జీబీ. ఫొటోలు 1.2 టీబీ. కార్యక్రమాల వీడియోలు 4.5 టీబీ. మొత్తం సుమారు 6 టీబీ. వీడియోలు కోసి కుదించినవి యూట్యూబ్‌లో కూడా ఉన్నాయి. కాబట్టి మళ్లీ దొరకనిది మొదటి మూడూ కలిపి ఒకటిన్నర టీబీ మాత్రమే. ఈ విభజన చేశాక ఖర్చు చాలా తగ్గింది.

రెండు: ఎన్ని గంటల పని పోతే భరించగలం? సంఘం లెక్కలైతే ఒక రోజు పని పోయినా మళ్లీ రాసుకోవచ్చు. అదే ఒక ఆడిటర్ ఆఫీసుకు ఏప్రిల్ నెలలో ఒక గంట పని పోయినా కష్టమే. బ్యాకప్ ఎంత తరచుగా తీయాలో దీన్నిబట్టి తేలుతుంది.

మూడు: పోతే ఎంతలో తిరిగి కావాలి? మాకు రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. ఒక క్లినిక్‌కు రెండు గంటలు కూడా ఎక్కువే. మీడియా ఏది తీసుకోవాలో ముఖ్యంగా దీన్నిబట్టే తేలుతుంది.

వీటితోపాటు ఎంత కాలం ఉంచాలో కూడా తేల్చుకోవాలి. మేం ఫోల్డర్ పోయిందని మూడు వారాలకు గమనించాం. రెండు వారాల పాత కాపీలే ఉంచుకుని ఉంటే బ్యాకప్ ఉండి కూడా లాభం ఉండేది కాదు. పన్ను పత్రాలను ఐఆర్ఎస్ సాధారణంగా మూడేళ్లు, కొన్ని సందర్భాల్లో ఆరేడేళ్లు ఉంచమంటుంది. మేం ఏడేళ్లు అనుకున్నాం. పెద్దల గొంతులకు గడువు లేదు.

పద్ధతులు

పూర్తి బ్యాకప్: ఉన్నదంతా ప్రతిసారీ కాపీ చేయడం. తిరిగి తెచ్చుకోవడం తేలిక. కానీ మాలాంటి 6 టీబీని గిగాబిట్ నెట్‌వర్క్ మీద కాపీ చేయాలంటే సుమారు 15 గంటలు పడుతుంది. రోజూ కుదరదు.

ఇంక్రిమెంటల్: కిందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే తీయడం. రోజుకు 3 జీబీ మారితే 3 జీబీయే వెళ్తుంది. కానీ శనివారం పోయినదాన్ని తెచ్చుకోవాలంటే ఆదివారం తీసిన పూర్తి బ్యాకప్, దాని వెనక ఆరు రోజుల ముక్కలు అన్నీ బాగుండాలి. గొలుసులో ఒక లింకు తెగితే ఆ తర్వాతివి పనికిరావు.

డిఫరెన్షియల్: చివరి పూర్తి బ్యాకప్ తర్వాత మారినవన్నీ ప్రతిసారీ తీయడం. మొదటి రోజు 3 జీబీ అయితే ఆరో రోజుకు 18 జీబీ అవుతుంది. చోటు ఎక్కువ పట్టినా, తెచ్చుకోవడానికి రెండే ముక్కలు చాలు.

ఇప్పటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇంక్రిమెంటల్ ముక్కల నుంచి తామే కొత్త పూర్తి కాపీ తయారుచేసుకుంటాయి. అలాంటిది దొరికితే అదే మేలు.

స్నాప్‌షాట్: ఒక క్షణంలో ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో పెట్టె గుర్తుపెట్టుకోవడం. ఇది మొత్తం కాపీ కాదు. మారిన భాగాల పాత రూపాన్ని మాత్రమే దాస్తుంది, అందుకే క్షణంలో అయిపోతుంది, చోటు తక్కువ పడుతుంది. నేను చేసిన లాంటి పొరపాటుకు ఇంతకన్నా మంచి మందు లేదు. స్నాప్‌షాట్లు పెట్టి ఉంటే ఆ 140 ఫైళ్లూ రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చేవి. కానీ ఇవి ఆ డిస్కుల మీదే ఉంటాయి. డిస్కులు పోతే ఇవీ పోతాయి. కాబట్టి ఇది మొదటి రక్షణ మాత్రమే.

సింక్, రెప్లికేషన్: డ్రాప్‌బాక్స్ మాదిరిగా మార్పును వెంటనే ఇంకోచోటికి పంపడం. ఇది క్లస్టర్ చేసే పనికి మరో రూపమే. పాత రూపాలు దాచే సౌకర్యం లేకపోతే దీన్ని బ్యాకప్‌గా లెక్కపెట్టకూడదు.

క్లస్టర్ బ్యాకప్‌లో ప్రత్యేకంగా చూడాల్సినవి

ఒక్క పెట్టెకు పనికొచ్చే పద్ధతి క్లస్టర్‌లో కొన్నిచోట్ల తప్పుతుంది.

1. బ్యాకప్ ప్రోగ్రాంకు క్లస్టర్ ఉమ్మడి పేరు లేదా ఉమ్మడి ఐపీ అడ్రసు ఇవ్వాలి. ఒక పెట్టె సొంత పేరు ఇస్తే, పని రెండోదానికి మారిన రోజు నుంచి బ్యాకప్ ఆగిపోతుంది. చాలాసార్లు ఎవరూ గమనించరు.

2. బ్యాకప్ మధ్యలో ఉండగా పని రెండో పెట్టెకు మారితే ఏమవుతుందో ఒకసారి కావాలని మార్చి చూడాలి. కొన్ని తిరిగి మొదలవుతాయి, కొన్ని అక్కడే ఆగిపోతాయి.

3. ముందు స్నాప్‌షాట్ తీసి, దాని నుంచి బ్యాకప్ తీయాలి. లేకపోతే 15 గంటల కాపీలో మొదటి ఫైలు ఉదయానిది, చివరి ఫైలు రాత్రిది అవుతాయి. లెక్కల డేటాబేస్ అయితే తెరుచుకోకపోవచ్చు.

4. అనేక సర్వర్లున్న పెద్ద క్లస్టర్లలో ఒక్కో సర్వర్ డిస్కును విడిగా కాపీ చేయకూడదు. అక్కడ ఉండేది ఫైళ్ల ముక్కలు. అందరూ ఫైళ్లు తెరిచే దారిలోనే వెళ్లి తీయాలి. ఆఫీసుల్లో దీనికి ఎన్‌డీఎంపీ అనే పద్ధతి ఉంది. సర్వరే నేరుగా టేపుకు డేటా పంపుతుంది. వేగం బాగుంటుంది. కానీ ఒక కంపెనీ పెట్టె నుంచి అలా తీసినదాన్ని మామూలుగా వేరే కంపెనీ పెట్టెలోకి తెచ్చుకోలేం. పెట్టెలు మార్చే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

5. ఫైళ్లతోపాటు వాడేవాళ్ల పేర్లు, ఎవరికి ఏ ఫోల్డర్ అనే అనుమతులు, క్లస్టర్ సెట్టింగులు కూడా దాచాలి. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న మామూలు యూఎస్‌బీ డిస్కుకు ఫైళ్లను ఊరికే కాపీ చేస్తే అనుమతులు రావు.

6. బ్యాకప్‌కు వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్ ఉండాలి. ఆ యూజర్‌కు అసలు ఫైళ్లను చదివే హక్కు చాలు, తీసేసే హక్కు అక్కర్లేదు. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ ప్రోగ్రామే ఫైళ్లను తినేసింది. పాత లాగ్ ఫైళ్లు తీసేయడానికి రాసిన స్క్రిప్టును, అది నడుస్తుండగానే మార్చారు. అది అసలు డేటాను తీసేయడం మొదలుపెట్టింది. 77 టీబీ, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధక బృందాలు దెబ్బతింటే నాలుగింటికి డేటా తిరిగి రాలేదు.

7. తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. 'శ్రీ' అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 12 బైట్లు. కొన్ని నాస్ పెట్టెల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లకు ఈ హద్దు 143 బైట్లే. అంటే 47 తెలుగు గుర్తులు. 'శ్రీరామనవమి కల్యాణం పిల్లల పాటలు' అనే పేరు కూడా ఆ హద్దులో సగానికి పైగా తీసేసుకుంటుంది. పేరు అంతకు మించితే ఫైలును వదిలేసి ముందుకు వెళ్లే ప్రోగ్రాములున్నాయి. చివర 'పూర్తయింది' అని కనిపించినా, వదిలేసిన ఫైళ్ల జాబితా చూడాలి.

ఏ మీడియా మీద దాచాలి

యూఎస్‌బీ హార్డ్ డిస్కు: మనలాంటివాళ్లకు మొదటి ఎంపిక ఇదే. చవక, వేగం. 6 టీబీని పదకొండు, పన్నెండు గంటల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. కింద పడితే పోతుంది. ఏళ్ల తరబడి అల్మరాలో పెట్టి మరిచిపోకూడదు. కొన్ని నెలలకోసారి తగిలించి చూడాలి, అయిదారేళ్లకు మార్చాలి. ఒక్కటి కాకుండా రెండు కొని, ఒకటి తగిలించి ఉన్నప్పుడు రెండోది వేరే ఇంట్లో ఉండేలా మార్చుకుంటూ పోవాలి.

ఎస్ఎస్‌డీ: వేగం చాలా ఎక్కువ. కానీ కరెంటు అందకుండా ఎక్కువ కాలం పడేసి ఉంచే పనికి ఇది సరైనది కాదు. లోపల డేటా విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది. బాగా వాడి అరిగినదైతే, పైగా వేడి చోటులో ఉంటే, ఆ ఆవేశం మెల్లగా తగ్గుతుంది. రోజూ వాడే పనికి పెట్టుకోండి, దాచుకోవడానికి వద్దు.

టేపు: చాలామంది టేపు పాతకాలం మాట అనుకుంటారు. అది నిజం కాదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవారిలో 0.02 శాతం మంది ఉత్తరాలు మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న కాపీలు కూడా దెబ్బతిన్నాయి. గూగుల్ వాటిని టేపుల నుంచి తిరిగి తెచ్చింది. టేపు తంతి తగలకుండా బయట ఉంటుంది కాబట్టి ఆ లోపం దాన్ని అంటలేదు.

ఎల్‌టీఓ-8 టేపులో 12 టీబీ, ఎల్‌టీఓ-9 టేపులో 18 టీబీ పడుతుంది. డబ్బా మీద 45 టీబీ అని రాసి ఉంటుంది. అది డేటా బాగా కుదించుకుపోతే వచ్చే లెక్క. ఫొటోలు, వీడియోలు ముందే కుదించినవి కాబట్టి మనం 18 అనే చూసుకోవాలి. చల్లగా, పొడిగా ఉంచితే 30 ఏళ్ల దాకా ఉంటుందని తయారీదారులు చెబుతారు. టేపు వంద డాలర్ల చుట్టుపక్కల దొరికినా, డ్రైవ్ ధర వేలల్లో ఉంటుంది. ఇంకో సంగతి, ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఎల్‌టీఓ-8 టేపును చదువుతుంది గానీ ఎల్‌టీఓ-7ను చదవదు. ఎల్‌టీఓ-10 డ్రైవ్ పాతవాటిని అసలు చదవదు. కాబట్టి టేపు నిలిచినా దాన్ని చదివే డ్రైవ్ కూడా నిలవాలి. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే టేపు వేగానికి సర్వర్ అందించలేదు. అందుకే పెద్ద ఆఫీసులు ముందు డిస్కుకు, అక్కడి నుంచి టేపుకు తీస్తాయి. డేటా యాభై, వంద టీబీలు దాటినవాళ్లు టేపు గురించి ఆలోచించవచ్చు. మాలాంటి 6 టీబీకి దండగ.

బ్లూరే, ఎం-డిస్క్: ఒక్కో డిస్కులో 25 నుంచి 100 జీబీ. ఒకసారి రాస్తే ఎవరూ చెరపలేరు. అదే దాని గొప్ప. 6 టీబీకి కుదరదు. కానీ సంఘం రిజిస్ట్రేషన్ పత్రాలు, ఇంటి పత్రాలు, ఎంపిక చేసిన ఫొటోలకు బాగుంటుంది.

క్లౌడ్: ఊరికి దూరంగా ఉండే కాపీకి ఇదే తేలిక. ఇది రాసేనాటికి మామూలు బ్యాకప్ నిల్వ టీబీకి నెలకు ఆరేడు డాలర్లలో దొరుకుతోంది. అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ లాంటిదైతే సుమారు ఒక డాలరే. కానీ అందులోంచి ఫైలు బయటికి రావడానికి 12 గంటల దాకా పడుతుంది. 180 రోజుల లోపు తీసేసినా ఆ కాలానికంతా అద్దె కట్టాలి. దించుకోవడానికి టీబీకి సుమారు 90 డాలర్లు అవుతుంది. పెట్టేటప్పుడు చవక, తీసేటప్పుడు ఖరీదు. కొనేముందు రెండు ధరలూ చూడండి.

ఇంటర్నెట్ వేగం కూడా లెక్కవేసుకోవాలి. అమెరికాలో కేబుల్ కనెక్షన్లు దించుకునే వేగం చూపించి అమ్ముతాయి. పంపే వేగం చాలాచోట్ల 20 ఎంబీపీఎస్ చుట్టూ ఉంటుంది. ఆ లెక్కన మా 6 టీబీ పంపడానికి 28 రోజులు, ఒకటిన్నర టీబీకి 7 రోజులు పడుతుంది. తర్వాత రోజూ మారినవి మాత్రమే వెళ్తాయి కాబట్టి ఇబ్బంది ఉండదు. మొదటి కాపీ ఫైబర్ ఉన్న సభ్యుడి ఇంటి నుంచి పంపితే త్వరగా అవుతుంది.

మూడు కాపీలు, రెండు రకాలు, ఒకటి దూరంగా

దీన్ని 3-2-1 సూత్రం అంటారు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అసలుతో కలిపి మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరే ఊళ్లో. క్లస్టర్‌లో రెండు పెట్టెలున్నా దీనికి ఒక్క కాపీగానే లెక్క.

దూరపు కాపీ విలువ మన పుస్తకాల విషయంలోనే తెలిసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే ప్రాజెక్టుకు మూలపురుషుల్లో ఒకరు. అందులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటిచోట్ల పనిచేసి వేల తెలుగు పుస్తకాలను ఎక్కించారు. తర్వాత ఆ పాత సైట్లు తెరుచుకోకుండా పోయాయి. అప్పటికే కార్ల్ మలమూద్, ఇతర వలంటీర్లు శాన్ ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు కాపీలు చేర్చారు. ఈ రోజు మనం ఆ పుస్తకాలు చదువుకోగలుగుతున్నది అందువల్లే. అలాగని ఆ ఒక్కచోటునే నమ్ముకోలేం. 2024 అక్టోబర్‌లో దాడి జరిగి ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా కొన్ని రోజులు మూతపడింది.

దాడుల సంగతికి వస్తే, 2017 మేలో వనాక్రై వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇలాంటివి నెట్‌వర్క్‌లో కనిపించే ప్రతి ఫోల్డర్‌నూ పాడుచేస్తాయి. ఎప్పుడూ తగిలించి ఉంచిన యూఎస్‌బీ డిస్కు కూడా అందులో భాగమే. అందుకే ఒక కాపీ తీసి పక్కన పెట్టినదై ఉండాలి. క్లౌడ్‌లో అయితే నిర్ణీత రోజుల వరకు ఎవరూ, మనం కూడా, చెరపలేని సౌకర్యం ఉంటుంది. దాన్ని పెట్టుకోవాలి.

డిస్కును ఎక్కడ దాస్తున్నామో కూడా చూడాలి. టెక్సస్ ఎండలో గరాజ్ పనికిరాదు, న్యూజెర్సీ వానల్లో బేస్‌మెంట్ పనికిరాదు. అంగట్లో దొరికే ఫైర్‌ప్రూఫ్ పెట్టెలు ఎక్కువగా కాగితాల కోసం చేసినవి. లోపల 350 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకుండా చూస్తాయి. కాగితం దానికి తట్టుకుంటుంది. డిస్కులకు 125, టేపులకు 150 డిగ్రీల లోపు ఉంచే ప్రత్యేకమైన పెట్టెలు కావాలి. వాటికన్నా వేరే ఇల్లు లేదా బ్యాంకు లాకర్ నయం.

బయటికి వెళ్లే కాపీలో పిల్లల పేర్లు, పుట్టినరోజులు, అడ్రసులు ఉంటాయి. ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఆ తాళం పోతే బ్యాకప్ మొత్తం పోయినట్టే. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఇద్దరి దగ్గర ఉంచండి. కమిటీ మారిన ప్రతిసారీ కవరు చేతులు మారాలి.

తిరిగి తెచ్చి చూడనిది బ్యాకప్ కాదు

1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా ఎవరో పొరపాటున ఒక కమాండ్ నొక్కితే సినిమాలో అత్యధిక భాగం చెరిగిపోయింది. బ్యాకప్ ఉంది కదా అని తీసి చూస్తే అది సరిగా పనిచేయడం లేదని తేలింది. గాలిన్ సుస్మన్ అనే ఆమె అప్పటికి కొద్దికాలం కిందటే తల్లయి, ఇంటి నుంచి పనిచేస్తోంది. ఆమె ఇంట్లోని కంప్యూటర్‌లో ఉన్న కాపీతోనే సినిమా నిలబడింది. అంత పెద్ద స్టూడియోలో కూడా బ్యాకప్‌ను క్రమం తప్పకుండా పరీక్షించి చూడలేదు.

మూడు రకాలుగా చూడాలి. నెలకోసారి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి, తెరిచి, చూడాలి, వినాలి. మూడు నెలలకోసారి ఒక ఫోల్డర్ మొత్తం తెచ్చి ఫైళ్ల సంఖ్య సరిపోల్చాలి. ఏడాదికోసారి పెట్టెలు రెండూ లేవనుకుని, వేరే కంప్యూటర్ మీద, ఏర్పాటు చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు రాసి ఉన్న కాగితం చూసి తెచ్చుకోగలరో లేదో చూడాలి.

మేం ఏం పెట్టుకున్నాం

గంటకోసారి స్నాప్‌షాట్లు రెండు రోజుల వరకు, రోజువారీవి నెల వరకు, వారంవి ఏడాది వరకు. రోజూ రాత్రి క్లస్టర్ ఉమ్మడి పేరు మీద, స్నాప్‌షాట్ నుంచి, తగిలించి ఉన్న 12 టీబీ యూఎస్‌బీ డిస్కుకు ఇంక్రిమెంటల్. అలాంటి డిస్కులు రెండు. ప్రతి ఆదివారం బాలబడి అయ్యాక ఒకటి తీసి రెండోది పెడతాం. తీసినది ఇరవై మైళ్ల దూరంలో ఉన్న కోశాధికారి ఇంటికి వెళ్తుంది. మళ్లీ దొరకని ఒకటిన్నర టీబీ మాత్రం రోజూ ఎన్‌క్రిప్ట్ అయి క్లౌడ్‌కు వెళ్తుంది. 90 రోజుల వరకు ఎవరూ చెరపలేరు. క్లౌడ్‌కు నెలకు పది డాలర్ల చుట్టూ అవుతోంది. ఫోల్డర్లు తీసేసే హక్కు ఇప్పుడు ఇద్దరికే ఉంది. నేను అందులో లేను. ఆ మాట కమిటీలో నేనే అడిగి పెట్టించుకున్నాను.

ఇంట్లో ఒక్క పెట్టె ఉన్నవాళ్లు కూడా ఇందులో మూడు చేయవచ్చు. ఈ రోజే స్నాప్‌షాట్లు, రీసైకిల్ బిన్ ఆన్ చేయండి. ఒక డిస్కు కొని కాపీ తీసి, ఊళ్లోనే ఉన్న స్నేహితుల ఇంట్లో పెట్టండి. వచ్చే నెల మొదటి ఆదివారం అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.

మేం నెల నెలా చేసే పరీక్షకు మిగిలిన ఆ 93 రికార్డింగుల్లోంచే ఒకటి తీస్తాం. మొదటి నిమిషం విని ఆపేయవచ్చు గానీ, మొత్తం వింటున్నాం. ఆ అక్క వాళ్లమ్మగారి రికార్డింగు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. మీ దగ్గర మీ పెద్దల గొంతులు ఫోన్లలో ఉంటే, సంఘానికి ఇచ్చాం కదా అని మీ కాపీ తీసేయకండి.